సోమవారం మీద పడే బరువు

సోమవారం పని సాగదన్న ఫిర్యాదు ఇప్పటిది కాదు. బెంజమిన్ ఫ్రాంక్లిన్ కుర్రవాడిగా లండన్ అచ్చుశాలలో పనిచేసిన రోజుల్లో, అంటే 1725 ప్రాంతంలో, తోటి పనివాళ్లు సోమవారం రాకపోవడం మామూలు విషయం. తాను మాత్రం ఒక్క సోమవారమూ ఎగ్గొట్టలేదని, యజమాని మెప్పు దొరకడానికి అదొక కారణమని ఆత్మకథలో ఆయనే చెప్పుకున్నాడు. ఇంగ్లండులో ఆ అలవాటును ‘సెయింట్ మండే’ అనేవారు. శనివారం సాయంత్రం కూలి చేతికొచ్చేది, ఆదివారం ఖర్చయ్యేది, సోమవారం మగ్గం ఆగేది. మంగళవారం కాస్త కదలిక వచ్చి, గురు, శుక్రవారాలకల్లా రాత్రింబవళ్లు పని నడిచేది. చరిత్రకారుడు ఇ.పి. థాంప్సన్ 1967లో రాసిన ప్రసిద్ధ వ్యాసంలో దీన్ని సోమరితనంగా చూడలేదు. పనిముట్లు తన ఇంట్లోనే ఉన్న చేతివృత్తివాడు తన వారాన్ని తానే అమర్చుకునేవాడని, ఫ్యాక్టరీ గంట ఆ అధికారాన్ని లాగేసుకుందని వాదించాడు.

పనివారాన్ని మార్చి అమరిస్తే సోమవారం బాగుపడుతుందా అని ఈ రోజు అడుగుతున్న కంపెనీలు, ప్రభుత్వాలు తెలిసో తెలియకో ఆ పాత తగువునే తిరగదోడుతున్నాయి. నాలుగు రోజుల వారం, సోమవారం సెలవు, సోమవారం ఆలస్యంగా రావడం, మీటింగులు లేని రోజు, ఇంటి నుంచి పని... ఇలా జరిగిన ప్రయోగాలను పక్కపక్కన పెట్టి చూస్తే నాకు తేలింది ఇది: సోమవారానికి సొంత జబ్బంటూ పెద్దగా లేదు. శుక్రవారం తోసేసిన పని, శని, ఆదివారాల్లో దొరకని విశ్రాంతి, మూతపడిన కౌంటర్ల ముందు పేరుకున్న జనం, ఇవన్నీ కలిసి ఆ ఒక్క రోజు నెత్తిన పడుతున్నాయి. ఆ బరువు ఎక్కడి నుంచి వస్తోందో చూడకుండా రోజులు మాత్రం మార్చినచోట ఫలితం నిలవలేదు.

సెయింట్ మండే ఎలా అంతరించిందన్నది ఈ విషయంలో మనకు దొరికే మొదటి పాఠం. బర్మింగ్‌హామ్ చరిత్రను తవ్విన డగ్లస్ రీడ్ 1976లో దాని మీద వివరంగా రాశాడు. ఆవిరి యంత్రాలు వచ్చాక ఖాళీగా కూర్చున్న మనిషి కంటే ఖాళీగా ఉన్న యంత్రం ఖరీదైపోయింది. జరిమానాలు, బెదిరింపులు పూర్తిగా పనిచేయలేదు. పనిచేసింది ఒక బేరం: సోమవారం రండి, బదులుగా శనివారం మధ్యాహ్నం నుంచి సెలవు తీసుకోండి. 1850 నాటి చట్టం జౌళి మిల్లులను శనివారం రెండు గంటలకే మూయించింది. ఆ తర్వాత శనివారపు సగం సెలవు మిగతా పరిశ్రమలకు పాకింది. మనం ఇప్పుడు వీకెండ్ అంటున్నది చాలామేరకు సోమవారం హాజరు కోసం చెల్లించిన మూల్యమే. సోమవారం బాగా నడవాలంటే వారంలో మరోచోట విశ్రాంతి ఇవ్వాలని పందొమ్మిదో శతాబ్దపు మిల్లు యజమానులకే అర్థమైంది. 1926లో హెన్రీ ఫోర్డ్ తన ఫ్యాక్టరీల్లో ఐదు రోజుల వారం పెట్టినప్పుడూ తర్కం అదే దారిలో నడిచింది.

మనదేశంలో ఆదివారం సెలవు కూడా అడిగి తెచ్చుకున్నదే. బొంబాయి మిల్లు కార్మికుల కోసం నారాయణ్ మేఘాజీ లోఖండే 1884 నుంచి పోరాడితే 1890 జూన్ 10న యజమానులు ఒప్పుకున్నారు. అంతకుముందు తెలుగునేల మీద వారానికి వేరే లయ ఉండేది. ఊరి సంత ఏ రోజైతే ఆ రోజు చుట్టుపక్కల పొలాల్లో పని పలచబడేది. వడ్రంగులు, తాపీ మేస్త్రీలు అమావాస్యనాడు పనిముట్టు పట్టేవారు కాదు. ఆ పద్ధతి కోస్తాలో ఇప్పటికీ చాలాచోట్ల కనిపిస్తుంది. వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలు, ఒక వారపు సెలవు అన్న లెక్క 1948 ఫ్యాక్టరీల చట్టంతో స్థిరపడింది. సింగరేణి బొగ్గు గనుల్లో ఆదివారం డ్యూటీని ‘ప్లేడే’ అంటారు. ఆ రోజు మస్టర్ పడితే రెట్టింపు వేతనం, అందుకే దానికి పోటీ. విశ్రాంతి రోజుకు రెట్టింపు ధర పెడితే కుటుంబ ఖర్చుల ఒత్తిడిలో ఉన్న మనిషి దాన్ని అమ్ముకోక ఏం చేస్తాడు? ఆ అలసట మాత్రం వచ్చే వారం ఖాతాలో జమవుతుంది.

సోమవారం నిజంగానే వెనకబడిన రోజా అన్న ప్రశ్నకు కొలతలు ఏం చెబుతున్నాయో చూద్దాం. మొదటి ప్రపంచయుద్ధంలో బ్రిటన్ మందుగుండు ఫ్యాక్టరీల్లో పని గంటలు విపరీతంగా పెరిగితే, ప్రభుత్వం 1915లో ఒక ఆరోగ్య సంఘాన్ని వేసి వారం వారం ఉత్పత్తిని లెక్కించింది. ఆ కాలపు పరిశోధకులు సోమవారం చేయి నెమ్మదిగా మొదలవడాన్ని గమనించారు. ఒకరోజు సాధన తప్పితే లయ అందుకోవడానికి కొంత సమయం పడుతుందని వాళ్ల వివరణ. వందేళ్ల తర్వాత, 2014లో, ఆర్థికవేత్త జాన్ పెన్‌కావెల్ ఆ పాత లెక్కలను మళ్లీ పరీక్షించాడు. వారానికి 50 గంటలు దాటాక గంట గంటకూ దక్కే ఉత్పత్తి పడిపోతూ వచ్చింది. 70 గంటలు చేసినవాళ్ల పని 56 గంటలు చేసినవాళ్ల పనికంటే పెద్దగా ఎక్కువ లేదు. మన విషయానికి అసలైన సంగతి మరొకటి ఉంది. ఆదివారం సెలవు ఇవ్వని వారాల్లో మొత్తం ఉత్పత్తికే నష్టం జరిగింది. సోమవారం కాస్త మందంగా మొదలైనా సరే, ఆదివారం విశ్రాంతి ఉన్న వారమే లాభదాయకం. వారానికి 70 గంటలు పనిచేయాలని 2023లో ఎన్.ఆర్. నారాయణమూర్తి, 90 గంటల గురించి 2025 జనవరిలో ఎల్ అండ్ టీ అధిపతి ఎస్.ఎన్. సుబ్రహ్మణ్యన్ అన్న మాటల మీద దేశమంతా చర్చ జరిగింది. ఆ చర్చలో ఈ పాత లెక్కలు వినపడవలసినంత వినపడలేదు.

శరీరం వైపు నుంచి చూసినా సోమవారానికి ఒక భారం కనిపిస్తుంది. ఐర్లండ్ ద్వీపంలో 2013 నుంచి 2018 వరకు తీవ్ర గుండెపోటుతో చేరిన 10,528 మంది రికార్డులను పరిశీలించిన వైద్యులు, సోమవారం ఆ సంఖ్య మామూలు అంచనాకంటే 13 శాతం ఎక్కువగా ఉందని 2023లో ప్రకటించారు. కారణం ఇదీ అని తేలలేదు. నిద్ర గడియారానికి సంబంధం ఉండవచ్చన్నది ఒక వివరణ. శుక్ర, శనివారాల్లో రాత్రి రెండింటికి పడుకుని పదింటికి లేచిన శరీరాన్ని సోమవారం ఆరింటికి లేపడమంటే విమానంలో రెండు మూడు టైమ్‌జోన్లు దాటించినట్టే. జర్మన్ శాస్త్రవేత్త టిల్ రోనెబెర్గ్ బృందం 2006లో దీనికి ‘సోషల్ జెట్‌లాగ్’ అని పేరు పెట్టింది.

ఇంకోవైపు సాక్ష్యమూ ఉంది, దాన్ని సోమవారాన్ని తిట్టేవాళ్లు తరచూ మరిచిపోతారు. హెంగ్‌చెన్ దాయ్, కేథరిన్ మిల్క్‌మన్, జేసన్ రీస్ 2014లో ప్రచురించిన పరిశోధనలో, ఒక విశ్వవిద్యాలయపు జిమ్‌కు వెళ్లేవాళ్ల సంఖ్య వారం మొదట్లో 33 శాతం పెరుగుతుందని తేలింది. కొత్త వారం, కొత్త నెల, కొత్త సంవత్సరం మనిషికి పాత లెక్కలు మూసి కొత్త పేజీ తెరిచిన భావన ఇస్తాయి. అంటే సోమవారం ఉదయం శరీరం వెనక లాగుతున్నా మనసు మొదలుపెట్టడానికి సిద్ధంగా ఉంటుంది. ఆ సంసిద్ధత ఎక్కడ ఖర్చవుతోందన్నదే అడగాల్సిన ప్రశ్న.

మధ్యలో ఒక మాట. సోమవారం అనగానే పనివాడి మీద అనుమానం పుట్టడం యజమానులకు పాత అలవాటు. అమెరికాలో బెణుకులు, నడుం పట్టేయడం వంటి గాయాల ఫిర్యాదులు సోమవారం ఎక్కువగా వస్తాయి. ఆదివారం ఇంట్లో తగిలిన దెబ్బను సోమవారం ఫ్యాక్టరీలో తగిలిందని చెప్పి పరిహారం కొట్టేస్తున్నారని చాలామంది నమ్మారు. అదే నిజమైతే ఆరోగ్య బీమా లేనివాళ్లే ఎక్కువగా అలా చెప్పాలి. డేవిడ్ కార్డ్, బ్రయన్ మెకాల్ 1996లో మిన్నెసోటా రికార్డులతో పరీక్షిస్తే అలాంటి తేడా కనిపించలేదు. రెండురోజులు కదలని నడుముతో ఒక్కసారిగా బరువులెత్తడమే కారణమన్న మామూలు వివరణకు ఇంకా బలముంది. మన సిమెంటు గోదాములకు, ధాన్యం మిల్లుల హమాలీలకు ఈ సంగతి నేరుగా వర్తిస్తుంది. సోమవారం మొదటి లారీకి కాస్త తక్కువ బస్తాలు పెట్టడం ఏ యజమానికీ నష్టం కాదు.

వారాన్నే పగలగొట్టి మళ్లీ పోసిన ప్రయోగాలు రెండు చరిత్రలో పెద్దవి. ఫ్రెంచి విప్లవ ప్రభుత్వం 1793లో పది రోజుల వారం పెట్టింది. ఏడురోజులకొకసారి వచ్చే సెలవు పదిరోజులకొకసారి అయితే ఎవరు ఒప్పుకుంటారు? 1805 ముగిసేసరికి అది పోయింది. సోవియట్ రష్యా 1929లో ఇంకా దూరం వెళ్లింది. కార్మికులను ఐదు రంగుల గుంపులుగా చేసి, నాలుగు రోజుల పని, ఒకరోజు సెలవు వంతులవారీగా ఇచ్చింది. సోమవారమే లేని వారం అది, యంత్రం ఎప్పుడూ ఆగదు. అయితే భర్త సెలవు ఒకరోజు, భార్య సెలవు ఇంకోరోజు, పిల్లల బడి వేరే లెక్క. యంత్రానికి ఎవరూ బాధ్యులు కాకపోవడంతో మరమ్మతులు గాలికిపోయాయి. 1931లో ఆరు రోజుల పద్ధతికి, 1940 జూన్‌లో మళ్లీ ఆదివారానికి తిరిగివచ్చారు. విశ్రాంతి పదిమందికీ ఒకేసారి దొరికితేనే విశ్రాంతి అన్నది దీన్నుంచి నేను గ్రహించిన సంగతి. ఇప్పుడు ఐటీలో ‘మీకు నచ్చిన రోజు సెలవు తీసుకోండి’ అనే పద్ధతి గొప్ప స్వేచ్ఛలా కనిపిస్తుంది. సెలవులో ఉన్నవాడి ఫోన్ మాత్రం పనిలో ఉన్న మిగతా నలుగురి వల్ల మోగుతూనే ఉంటుంది.

సోమవారాన్నే గురిపెట్టిన ప్రయోగాల్లో జపాన్‌ది ప్రత్యేకం. 1998లో చట్టం మార్చి, 2000 నుంచి కొన్ని జాతీయ సెలవులను సోమవారానికి జరిపారు. ‘హ్యాపీ మండే’ అంటారు. మూడురోజుల సెలవు కలిసొచ్చింది గానీ విశ్వవిద్యాలయాల్లో సోమవారం పాఠాలు మాత్రమే తగ్గిపోయి, వేరే రోజుల్లో సోమవారపు టైంటేబుల్ నడపాల్సి వచ్చింది. 2017లో నెలాఖరు శుక్రవారం త్వరగా ఇంటికి పొమ్మని ‘ప్రీమియం ఫ్రైడే’ తెచ్చారు. నెలాఖరున లెక్కలు మూసే రోజు త్వరగా వెళ్లడమెలా? అది పెద్దగా అమలుకాలేదు. మరుసటి ఏడాది ఆ దేశ ఆర్థిక, వాణిజ్య శాఖ సోమవారం ఉదయం సెలవిచ్చే ‘షైనింగ్ మండే’ ఆలోచన చేసి, 2018 జులై 30న తన సొంత సిబ్బందిలో కొందరితో ప్రయత్నించింది. అదీ దేశపు అలవాటు కాలేకపోయింది. ఈ మూడింటిలోనూ ఒక పోలిక ఉంది: సెలవులను జరిపారు, గంటలు కలిపారు గానీ ఎవరి పనీ తగ్గించలేదు.

స్పెయిన్‌లోని వాలెన్సియా నగరం 2023 ఏప్రిల్ 10 నుంచి మే 7 వరకు స్థానిక సెలవులను జరిపి వరసగా నాలుగు సోమవారాలు సెలవిచ్చింది. సుమారు 3,60,000 మంది కార్మికులకు అది వర్తించింది. ఆరోగ్యం బాగుందన్నవాళ్లు పెరిగారు, ఒత్తిడి తగ్గింది, ఆ సోమవారాల్లో నగరపు గాలి మెరుగైంది. హోటళ్లకు, పర్యాటకానికి గిరాకీ వచ్చింది, దుకాణాల అమ్మకాలు మందగించాయి. పొగతాగేవాళ్లు, మద్యం అలవాటున్నవాళ్లు మరికాస్త ఎక్కువ తాగారు. ప్రయోగ ఫలితాల్లో ఈ చివరి ముక్కను దాచకుండా చెప్పినందుకు ఆ నగరాన్ని మెచ్చుకోవాలి. ఖాళీ సమయం ఎవరి చేతిలో ఏమవుతుందో ముందే నిర్ణయించలేం.

అమెరికాలోని కొలరాడోలో బ్రైటన్ కేంద్రంగా ఉన్న 27జె అనే పాఠశాలల జిల్లా 2018లో సోమవారాలు బడి మూసి మంగళవారం నుంచి శుక్రవారం దాకా నడపడం మొదలుపెట్టింది. పన్ను పెంపునకు ఓటర్లు ఒప్పుకోకపోవడంతో డబ్బు లేదు, జీతాలు తక్కువ కావడంతో టీచర్లు నిలవడం లేదు. జీతం పెంచలేనివాళ్లు రోజును ఇచ్చారు. పిల్లల్ని సోమవారం చూసుకునేదెవరన్న భారం మాత్రం తల్లిదండ్రుల మీదికి వెళ్లింది. ఒక సంస్థ తన సోమవారాన్ని బాగుచేసుకుంటే ఆ బరువు ఇంకెవరి సోమవారం మీద వాలుతుందో చూడమని నేను పదేపదే అడగడానికి ఇదే కారణం. యూటా రాష్ట్రంలోనూ ఇంతే. 2008లో ప్రభుత్వోద్యోగులకు సోమవారం నుంచి గురువారం దాకా రోజుకు పది గంటలు పెట్టి శుక్రవారం కార్యాలయాలు మూశారు. విద్యుత్ ఆదా ఆశించినంత కనిపించలేదు, శుక్రవారం పనిపడ్డ జనం గొడవ చేశారు, 2011లో రద్దయింది.

ఇప్పుడు విజయవంతమైనవాటి దగ్గరికి వద్దాం. ఐస్‌లాండ్‌లో 2015–2019 మధ్య సుమారు 2,500 మందికి జీతం తగ్గించకుండా వారానికి 40 గంటలను 35, 36కి తగ్గించారు. పని దెబ్బతినలేదు. ఆ తర్వాత సంఘాల ఒప్పందాల ద్వారా దేశంలో చాలామంది ఉద్యోగులకు తక్కువ గంటల హక్కు దక్కింది. బ్రిటన్‌లో 2022లో 61 కంపెనీలు, దాదాపు 2,900 మందితో ఆరునెలలు నాలుగు రోజుల వారం నడిపాయి. ముగిసేసరికి 56 కంపెనీలు కొనసాగిస్తామన్నాయి. అలసిపోయి చేతులెత్తేసే స్థితి తగ్గిందన్నవాళ్లు 71 శాతం. మైక్రోసాఫ్ట్ జపాన్ 2019 ఆగస్టులో శుక్రవారాలు సెలవిచ్చి, ఉద్యోగి సగటు అమ్మకాలు ముందటి ఏడాదికంటే 40 శాతం పెరిగాయని చెప్పింది.

ఈ అంకెలను మోసుకుతిరిగేవాళ్లు చెప్పని సంగతి ఒకటుంది. ఐస్‌లాండ్‌లో షిఫ్టులు, మీటింగుల పద్ధతి మళ్లీ రాశారు. మైక్రోసాఫ్ట్ జపాన్ మీటింగును అరగంటకు కుదించింది. బ్రిటన్ కంపెనీలు ప్రయోగానికి ముందు కొన్ని వారాలు ఏ పని అనవసరమో వెతకడంలో గడిపాయి. లాభం అక్కడ పుట్టింది. సెలవురోజు ఆ వెతుకులాటను తప్పనిసరి చేసింది. పైగా ఆ కంపెనీలు తామై ముందుకొచ్చినవి, ఎక్కువగా కుర్చీలో కూర్చుని చేసే పనులవి. ఇటుకలు మోసేచోట, బస్సు నడిపేచోట, వార్డులో రాత్రి డ్యూటీ చేసేచోట పనికిరాని గంట ఎక్కడుంది కోసేయడానికి? అక్కడ గంటలు తగ్గాలంటే మనుషులను పెంచాలి, డబ్బు పెట్టాలి. ఆ మాట సూటిగా చెప్పని నాలుగు రోజుల ప్రచారం నాకు సగం మాటగానే వినిపిస్తుంది.

మన దగ్గర వ్యవహారం ఇంకా వేరు. 2025లో రెండు తెలుగు రాష్ట్రాలూ రోజుకు పది గంటల పనికి వీలుకల్పించే నిర్ణయాలు తీసుకున్నాయి. వారం పరిమితి 48 గంటలే కదా, రోజుకు పది చేస్తే ఐదురోజుల్లోపే అయిపోతుంది, మిగతా రోజులు విశ్రాంతి అని సమర్థకుల మాట. కాగితం మీద లెక్క సరిపోతుంది. కానీ పదో గంట మామూలైపోయిన చోట ఆరోరోజు సెలవు నిజంగా ఇస్తున్నారో లేదో చూసేది కార్మికశాఖ ఇన్‌స్పెక్టర్లు. తనిఖీలను తగ్గించుకుంటూ వచ్చిన దశాబ్దాల తర్వాత ఆ నమ్మకం నాకు లేదు. ఏప్రిల్, మే నెలల్లో రామగుండంలోనో విజయవాడలోనో రేకుల షెడ్డు కింద పదో గంట పని ఎలా ఉంటుందో చట్టం రాసినవాళ్లు ఒకసారి నిలబడి చూడాలి.

హైదరాబాద్ ఐటీ సంగతికి కాస్త ఎక్కువ చోటివ్వాలి, ఎందుకంటే సోమవారాన్ని ఇంత సులువుగా బాగుచేసుకునే అవకాశం ఉండీ ఇంతగా పాడుచేసుకుంటున్న రంగం మరొకటి లేదు. గడియారాలు చూడండి. మాదాపూర్‌లో సోమవారం ఉదయం తొమ్మిది అంటే న్యూయార్క్‌లో ఆదివారం రాత్రి పదిన్నరో పదకొండున్నరో. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఇంకా ఆదివారం సాయంత్రం ఏడున్నర, ఎనిమిదిన్నర. మంగళవారం నుంచి శుక్రవారం దాకా మనవాళ్లు పొద్దున లేచేసరికి అమెరికా పగలంతా రాసిన మెయిళ్లు, ఎక్కించిన టికెట్లు పేరుకుని ఉంటాయి. సోమవారం ఉదయం ఒక్కటే అలా ఉండదు, ఎందుకంటే అక్కడ నిన్న సెలవు. అమెరికా క్లయింటు కోసం పనిచేసే హైదరాబాద్ టీముకు వారం మొత్తంలో ఎవరూ పిలవని, ఎవరూ ఎదురుచూడని ఎనిమిది గంటలు అవే.

ఆ ఎనిమిది గంటల్లో జరిగేదేమిటి? సాయంత్రం క్లయింటుతో కాల్ ఉంటుంది కాబట్టి దానికి ముందు లీడ్‌తో స్టేటస్ మీటింగు, లీడ్‌కు మేనేజరుతో మరొకటి, మేనేజరుకు డెలివరీ హెడ్‌తో ఇంకొకటి. వాటి కోసం స్లైడ్లు. మధ్యలో దొరికే నలభై నిమిషాల్లో కోడ్ తెరిచినా తలలో ఇందాకటి మీటింగే తిరుగుతుంటుంది. ఒక పని వదిలి ఇంకో పనిలోకి వెళ్లినప్పుడు దృష్టిలో కొంత భాగం పాత పని దగ్గరే ఉండిపోతుందని సోఫీ లెరాయ్ 2009లో చేసిన పరిశోధన చెబుతుంది. ఇక వారం మరో చివర చూస్తే, న్యూయార్క్‌లో శుక్రవారం సాయంత్రం ఐదు అంటే మనకు శనివారం తెల్లవారుజాము రెండున్నర లేదా మూడున్నర. శుక్రవారం రాత్రి రిలీజ్‌లో కూర్చున్నవాడి శనివారం నిద్రలో పోతుంది. అతనికి మిగిలేది ఒక్క ఆదివారం, ఆ ఆదివారం రాత్రి నిద్ర పట్టదు. అలాంటి మనిషి సోమవారం ఉదయం నీరసంగా ఉన్నాడని కౌన్సెలింగ్ ఇప్పించే హెచ్ఆర్ విభాగం మొదట ఆ రిలీజ్ వేళను మార్చమని అడగాలి.

ఇక్కడ నాలుగు రోజుల వారం కోసం ఎదురుచూడనక్కర్లేదు. సోమవారం సాయంత్రం నాలుగింటిదాకా మీటింగు పెట్టకూడదన్న ఒక్క నియమం చాలు. శుక్రవారం సాయంత్రం ఆరింటికే వారం స్టేటస్ రాసిపెడితే సోమవారం దాన్ని మళ్లీ నోటితో చెప్పే పని ఉండదు. 2023 జనవరిలో షాపిఫై కంపెనీ ముగ్గురు, అంతకు మించి ఉన్న, మళ్లీ మళ్లీ జరిగే మీటింగులన్నిటినీ క్యాలెండర్ల నుంచి తీసేసి, బుధవారాలు మీటింగులే వద్దంది. మన టీములకైతే ఆ రోజు సోమవారం కావాలి. కారణం గడియారంలోనే ఉంది. హైబ్రిడ్ పద్ధతిలో చాలామంది మంగళ, బుధ, గురువారాలు ఆఫీసుకొచ్చి సోమ, శుక్రవారాలు ఇంటి నుంచి చేస్తున్నారు కాబట్టి దీనికి దారి సగం పడే ఉంది.

ఇంటి నుంచి సోమవారం పని అన్నది ఆడవాళ్ల విషయంలో అంత తేలిక మాట కాదు. జాతీయ గణాంక కార్యాలయపు 2019 సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి వెచ్చించారు. 2024 సర్వేలో అవి 289, 88. ఐదేళ్లలో ఇద్దరికీ కాస్త తగ్గింది గానీ మధ్య దూరం తరగలేదు. ఆదివారమంటే ఆమెకు వారానికి సరిపడా పిండి రుబ్బడం, యూనిఫాంలు ఉతకడం, వచ్చిన చుట్టాలకు వండటం. వీకెండ్‌లో పని ఆలోచనల నుంచి బయటపడ్డవాళ్లు తర్వాతి వారం మెరుగ్గా, తక్కువ శ్రమతో పనిచేస్తారని జబీనే జొన్నెన్‌టాగ్ వంటి మనస్తత్వ శాస్త్రజ్ఞులు ఏళ్లుగా చూపిస్తున్నారు. ఆదివారం వంటింట్లో ఐదు గంటలు నిలబడ్డ మనిషి దేన్నుంచి బయటపడాలి? వారాన్ని మార్చే ఏ పథకమైనా ఇంట్లో ఆదివారాన్ని ముట్టుకోకపోతే ఆమె సోమవారం మారదు.

గల్ఫ్‌లో వారం మారడాన్ని తెలుగువాళ్లు దగ్గర నుంచి చూశారు. యుఎఇ ప్రభుత్వం 2022 జనవరి 1 నుంచి శుక్ర, శనివారాల సెలవును మార్చి, శుక్రవారం సగం పని, శని, ఆదివారాలు సెలవు చేసింది. షార్జా శుక్రవారం నుంచి ఆదివారం దాకా మూడురోజులిచ్చింది. ప్రపంచ మార్కెట్లతో రోజులు కలవడం దాని లక్ష్యం. ఆఫీసుల్లో ఉన్న మనవాళ్లకు అది కలిసొచ్చింది. కరీంనగర్, నిజామాబాద్, కడప జిల్లాల నుంచి వెళ్లి నిర్మాణ స్థలాల్లో పనిచేసేవాళ్లలో ఎక్కువమందికి వారానికి ఆరురోజుల పని అలాగే ఉంది, సెలవురోజు పేరు మాత్రం మారింది.

ప్రభుత్వ కార్యాలయాల విషయానికొస్తే, కేంద్ర ప్రభుత్వంలో ఐదురోజుల వారం 1985 జూన్‌లో రాజీవ్ గాంధీ హయాంలో మొదలైంది. ఆంధ్రప్రదేశ్ 2016లో సచివాలయాన్ని అమరావతికి తరలించినప్పుడు హైదరాబాద్‌లో కుటుంబాలున్న ఉద్యోగుల కోసం ఐదురోజుల వారం ఇచ్చి, దాన్ని పొడిగిస్తూ వచ్చింది. శుక్రవారం సాయంత్రం ఇంటర్‌సిటీ రైల్లో వెళ్లి, సోమవారం తెల్లవారకముందే మళ్లీ రైలెక్కినవాళ్ల సోమవారం ఉదయం ప్రయాణంలోనే కరిగిపోతుంది. మానవీయంగా ఐదురోజుల వారం సరైన నిర్ణయం. సోమవారం ముఖ్యమైన సమీక్షలు పెట్టకపోవడం కూడా అంతే సరైన నిర్ణయమయ్యేది.

కౌంటరు అవతల నిలబడ్డ మనిషి సోమవారం గురించి ఈ చర్చల్లో ఎవరూ మాట్లాడరు. ఆదివారం ఓపీ ఉండదు కాబట్టి పెద్దాసుపత్రుల్లో సోమవారం చీటీల వరస గేటు దాకా సాగుతుంది. 2015 సెప్టెంబరు నుంచి రెండు, నాలుగో శనివారాలు బ్యాంకులకు సెలవు, ఆ తర్వాతి సోమవారం ఎలా ఉంటుందో పాసుపుస్తకం పట్టుకుని వచ్చే పింఛనుదారులకు తెలుసు. అన్ని శనివారాలూ సెలవు కావాలన్న బ్యాంకు ఉద్యోగుల కోరిక న్యాయమైనదేనని నా అభిప్రాయం. బదులుగా రోజూ మరికాసేపు పనిచేయడానికి సంఘాలు ఒప్పుకున్నాయి కూడా. ఆ అదనపు నిమిషాలను ఐదురోజులకూ సమంగా పంచకుండా సోమవారానికే ఎక్కువ కేటాయిస్తే గ్రామీణ శాఖల్లో వరస తగ్గుతుంది.

అన్నిటికంటే బరువైన సోమవారం కలెక్టరేట్లది. తెలంగాణలో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక, దానికి ముందు స్పందన, పేరేదైనా రోజు సోమవారమే. జనం నోట్లో ఇప్పటికీ ‘గ్రీవెన్స్’. కలెక్టరు ముందు జిల్లా అధికారులంతా వరసగా కూర్చుంటారు. భూమి పాసుపుస్తకం, ఆగిన పింఛను, ఇంటి స్థలం, దారి తగాదా, అన్నీ ఆ హాలుకే వస్తాయి. జిల్లా అధికారి అక్కడున్నంతసేపు అతని సొంత కార్యాలయంలో సంతకం కోసం వచ్చిన ఫైలు ఆగుతుంది. వారం మొదటిరోజే అధికారులు ప్రజల ముందు కూర్చోవడంలో ఉన్న గౌరవం నాకు నచ్చుతుంది, దాన్ని తీసేయమని అనను. అయితే చర్ల మండలంలోని గూడెం నుంచి ఒక ఆదివాసీ స్త్రీ కొత్తగూడెం కలెక్టరేటుకు రావాలంటే భద్రాచలం వచ్చి గోదావరి దాటి మళ్లీ బస్సెక్కాలి. ఆ రోజు కూలి పోతుంది, ఛార్జీ పోతుంది. ఆమె అర్జీ చివరికి వెళ్లేది తిరిగి చర్ల తహసీల్దారుకే.

ఆమె అర్జీ మొదట చర్లలోనే పుచ్చుకుని, అక్కడ తేలనిది మాత్రమే కొత్తగూడెం పంపేలా చేయవచ్చు. రెవెన్యూ అర్జీలకు సోమవారం ఉంచి, పింఛన్లు, ఇళ్లు, సంక్షేమ శాఖలవి బుధ, గురువారాలకు విడదీయవచ్చు. మారుమూల మండలాలకు నెలలో ఒక సోమవారం అధికారులే వెళ్లవచ్చు. వీటిలో దేనికీ కొత్త చట్టం అక్కర్లేదు, కలెక్టరు ఉత్తర్వు చాలు. ఒక జిల్లాలో ఆరునెలలు ఇలా నడిపి, అర్జీ తేలడానికి పట్టిన రోజులను, అదే అర్జీతో మనిషి ఎన్నిసార్లు తిరగాల్సి వచ్చిందన్న లెక్కను పక్క జిల్లాతో పోల్చి నోటీసు బోర్డు మీద పెట్టాలి.